మతిమరుపు కంటే ముందే మారే మనిషి

1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మానసిక చికిత్సాలయంలో 51 ఏళ్ల ఆగస్టే డీటర్‌ను చేర్చారు. పంది మాంసం, కాలీఫ్లవర్ తింటున్న ఆమెను ఏం తింటున్నారని వైద్యుడు అలోయిస్ అల్జీమర్ అడిగితే, పాలకూర అని చెప్పింది. భర్త పేరు అడిగితే తన పేరే చెప్పింది. తర్వాత ఆ వైద్యుడి పేరే పెట్టిన అల్జీమర్స్ జబ్బు అనగానే లోకానికి గుర్తొచ్చేది ఈ మతిమరుపే అయినా, 1907లో అల్జీమర్ ప్రచురించిన వ్యాసం ప్రకారం ఆమెలో మొట్టమొదట కొట్టొచ్చినట్టు కనిపించినది భర్త మీద అనుమానం. జ్ఞాపకం సన్నగిల్లడం ఆ తర్వాతి సంగతి.

అంతకు ముందే, 1892లో, ప్రాగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు మాట కోల్పోయిన ఒక వృద్ధుడి గురించి రాశాడు. మెదడులో కొన్ని భాగాలు మాత్రమే కుంచించుకుపోయే ఈ జబ్బుకు 1926లో ఆయన పేరే పెట్టారు. అయితే దాన్ని చాలా అరుదైనదిగా భావించి, దశాబ్దాల పాటు పెద్దగా పట్టించుకోలేదు. 1980లలో స్వీడన్‌లోని లుండ్, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ పరిశోధకులు ఇలాంటి రోగులను శ్రద్ధగా గమనించి, 1994లో ఉమ్మడిగా నిర్ధారణ ప్రమాణాలు వెలువరించిన తర్వాతే, ఇప్పుడు ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా (నుదుటి వెనుక, కణతల దగ్గరి మెదడు భాగాలు క్షీణించే జబ్బు) అని పిలిచే ఈ తరహా జబ్బుకు సరైన గుర్తింపు దక్కింది.

ఆ ఆలస్యం వల్ల ఎక్కువగా నలిగిపోయినవి కుటుంబాలే అని నా అభిప్రాయం. నుదుటి వెనుక, కణతల దగ్గర ఉండే మెదడు భాగాలు మనిషికి సంకోచాన్నీ, ఎదుటివారి బాధను అర్థం చేసుకునే గుణాన్నీ ఇస్తాయి. అవి దెబ్బతిన్నప్పుడు, నిన్నటిదాకా మర్యాదస్తుడైన మనిషి పక్కవాడి కంచంలోంచి తీసుకుని తింటాడు, మిఠాయిల కోసం వెంపర్లాడతాడు, భార్య ఏడుస్తున్నా చలించడు. తేదీలూ పేర్లూ మాత్రం తడుముకోకుండా చెబుతాడు కనుక, జ్ఞాపకశక్తి పరీక్షలో తొలిదశలో లోపం కనిపించకపోవచ్చు. పైగా ఇది తరచుగా 45 నుంచి 65 ఏళ్ల మధ్య మొదలవుతుంది కాబట్టి, దాన్ని పొగరనో, నడివయసు వింతపోకడ అనో, మానసిక వ్యాధి అనో అనుకుంటారు.

ఈ మార్పుకు శరీరంలోనే మూలం ఉందనడానికి బలమైన ఆధారాలు జన్యువుల నుంచి వచ్చాయి. 1998లో మెదడు కణాలలో ఉండే టావ్ అనే ప్రొటీన్ జన్యువులోనూ, 2011లో తొమ్మిదో క్రోమోజోమ్ మీది మరో జన్యువులోనూ కొన్ని కుటుంబాలలో లోపాలు బయటపడ్డాయి. రెండో లోపం కండరాలను క్షీణింపజేసే ఏఎల్‌ఎస్ వ్యాధికీ కారణమవుతుంది. 2011లోనే సవరించిన ప్రమాణాలలో సంకోచం పోవడం, నిరాసక్తత, సానుభూతి కొరవడడం, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం, తిండి అలవాట్లు మారడం ముఖ్య లక్షణాలుగా చేరాయి.

జబ్బును ఆపే మందు ఇప్పటికీ లేదు. అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ వంటి మందులు ఇందులో పనిచేయకపోగా, కొందరిలో ప్రవర్తనను మరింత చెడగొడతాయి. అందుకే వైద్యులు మందుచీటీతో పాటు ఏటీఎం కార్డు, బండి తాళాలు ఎవరి చేతిలో ఉండాలో కూడా ఇంట్లోవాళ్లతో మాట్లాడతారు.