ఒక గోధుమ జన్యువు, మూడు కాపీలు

బూడిద తెగులు శిలీంధ్రపు బీజకణం ఆకు మీద వాలగానే మొలకెత్తుతుంది. పైపొర కణం గోడను తొలుచుకుని లోపలికి చొరబడుతుంది. కణాన్ని చంపదు, బతికుండగానే దాని ఆహారం పీల్చుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, ఈ చొరబాటుకు మొక్కలోని జన్యువే ఒకటి సాయపడుతుంది. దాని పేరు ఎమ్‌ఎల్‌ఓ. అది పనిచేయని మొక్కల్లో శిలీంధ్రం గుచ్చిన చోట కణం గోడ మందంగా పేరుకుని దారి మూసేస్తుంది. అలాంటి బార్లీ రకాలు దశాబ్దాలుగా సాగులో ఉన్నాయి.

గోధుమలో ఇది అంత సులువుగా కుదరలేదు. మామూలు గోధుమలో మూడు గడ్డిజాతుల జన్యుసంపద కలిసి ఉంది కాబట్టి ఎమ్‌ఎల్‌ఓకి కూడా మూడు కాపీలున్నాయి. ఒకటి చెడినా మిగతా రెండూ పని నడిపించేస్తాయి. మూడూ ఒకే మొక్కలో వాటంతటవే చెడిపోతాయని ఆశ పెట్టుకోలేం. చైనాలో గావో త్సైషియా బృందం 2014లో మూడింటినీ కావాలనే పనిచేయకుండా చేసింది. అందుకు వాడింది టాలెన్ అనే పరికరం. డీఎన్‌ఏను కోరుకున్న చోట కోసే పరికరాల్లో ఇది క్రిస్పర్‌కు కాస్త ముందు వచ్చింది. అదే పరిశోధనలో ఒక కాపీ మీద క్రిస్పర్‌నూ ప్రయోగించారు.

క్రిస్పర్‌లో దారి చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏలోని దాదాపు 20 అక్షరాల భాగం తనకు సరిపోయే డీఎన్‌ఏ భాగాన్ని పట్టుకుంటుంది, కాస్9 ఎంజైమ్ అక్కడ రెండు పోగులనూ కోస్తుంది. కణం ఆ కొసలను హడావిడిగా అతికించుకునేటప్పుడు ఒకటి రెండు అక్షరాలు పోతాయి, లేదా అదనంగా చేరతాయి. జన్యువు పనికిరాకుండా పోవడానికి అది చాలు. కాస్9 జన్యువును చాలాసార్లు ముందు బయటి నుంచే చొప్పిస్తారు. అది ఒకే చోట చేరి ఉంటే, ఆ మొక్క స్వపరాగ సంపర్కంతో ఇచ్చే సంతతిలో సుమారు నాలుగో వంతుకు అది అందదు. మార్పు నిలిచి, పరికరం లేని మొక్కలనే ఏరుకుంటారు. ఇలాంటి సవరణను పరాయి జన్యువు ఉండిపోయే జన్యుమార్పిడి పంటలతో ఒకే గాటన కట్టడం నాకు సరిగా అనిపించదు.

అయితే మూడు కాపీలూ పోయి తెగులు సోకని ఆ గోధుమ సరిగా ఎదగలేదు. ఎమ్‌ఎల్‌ఓకి మొక్కలో వేరే పనులూ ఉన్నాయి మరి! పట్టు వదలకుండా వెతికితే, తెగులు తట్టుకుంటూనే మామూలుగా పెరిగే మొక్క ఒకటి దొరికింది. దాని బి జీనోమ్‌లో, అంటే మూడు జన్యుసంపదల్లో ఒకదానిలో, ఏకంగా 3 లక్షలకు పైగా అక్షరాల ముక్క ఊడిపోయింది. దాంతో పక్కనున్న టీఎమ్‌టీ3 అనే జన్యువు చురుకై, ఎదుగుదలలోని లోటును పూడ్చింది. ఈ సంగతి 2022లో ప్రచురించారు. అవే మార్పులను క్రిస్పర్‌తో మంచి గోధుమ రకాల్లోనూ నేరుగా తెచ్చారు. నా దృష్టిలో అసలు విజయం కోయడం కాదు, ఏది కోస్తే ఏమవుతుందో ఇంత ఓపిగ్గా తెలుసుకోవడం.

ఇంకో పెద్ద అడ్డంకి గురించి బయట ఎక్కువగా మాట్లాడుకోరు. సవరించిన కణం నుంచి మళ్లీ నిండు మొక్క రావాలి. హార్మోన్లు కలిపిన మాధ్యమంలో కణాల ముద్ద పెంచి, దాని నుంచి చిగుళ్లు తెప్పించాలి. చాలా రకాలు దీనికి లొంగవు. జీఆర్‌ఎఫ్4, జీఐఎఫ్1 అనే రెండు గోధుమ ప్రోటీన్లను కలిపి ఒకటిగా తయారుచేస్తే చిగుళ్లు వేగంగా, ఎక్కువగా వస్తాయని 2020లో తేలింది. అంతకుముందు ల్యాబ్‌లో మొండికేసిన కొన్ని గోధుమ రకాలు కూడా దీంతో దారికొచ్చాయి.