లక్కతో అతికిన కత్తి

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూసొచ్చిన మా మేనకోడలు అడిగింది: "మామయ్యా, కత్తిని పిడికి ఎలా బిగించారు? ఎక్కడా బోల్టు లేదు, మేకు లేదు." తొమ్మిదో తరగతి పిల్ల. బంగారు తీగల నగిషీ వదిలేసి అతుకు కోసం వెతికిందంటే నాకు ముచ్చటేసింది.

మన ఉక్కు గురించి చాలామంది రాశారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారన్న సంగతి ఇప్పటికి అందరికీ తెలిసిందే. పిడిని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

తల్వారు (మన వంపు కత్తి) పిడి మొత్తం ఇనుమే. చాలావాటిని కమ్మరి రెండు దొప్పలుగా సాగగొట్టి, అంచులు ఆకురాయితో రుద్ది, మధ్యలో వేరే లోహం కరిగించి అతికేవాడు. లోపల బోలు. నడుమ ఉబ్బు, మూతి సన్నం, పైన పళ్ళెంలాంటి బిళ్ళ. కత్తి అడుగున సన్నగా సాగిన తోక ఆ బోలులోకి దూరుతుంది. సాధారణంగా అది పొట్టిదే, బిళ్ళ దాకా పోదు. యూరప్ కమ్మరులు తోకను పిడి చివరి దాకా పోనిచ్చి, పైన సుత్తితో చదును చేసి బిగించేవారు. జపాన్‌లో వెదురు చీల కొట్టేవారు. మనవాళ్ళు లక్క పోశారు.

అవును, లాడ్‌బజార్ గాజుల లక్కే. నగ తూకం దగ్గర "ఇందులో లక్క ఎంత?" అని మన ఆడవాళ్ళు కంసాలిని నిలదీస్తారే, ఆ లక్క. (దాన్ని తయారుచేసే పురుగు కథ పాఠ్యపుస్తకంలో ఉంది, అక్కడ చదువుకోండి.)

ప్రాణం పోయే చోట ఇంత నాసి జిగురా అనిపిస్తుంది. లక్క 75, 80 డిగ్రీలకే కరిగిపోతుంది మరి. కానీ కాల్చి చల్లార్చి గట్టిపరిచిన ఉక్కు సంగతి చూడండి. 220 డిగ్రీల ప్రాంతంలో దాని మీద ఎండుగడ్డి రంగు పొర తేలుతుంది, ఇంకా వేడెక్కేకొద్దీ మెత్తబడుతుంది. కత్తిని పిడికి ఇత్తడితో అతకాలంటే 900 డిగ్రీలు కావాలి, అంటే కమ్మరి పడ్డ కష్టమంతా కొలిమిలో కలిసినట్టే. 80 డిగ్రీల లక్కైతే ఉక్కుకి ఏమీ కాదు. అలుగు (కత్తి పలక) విరిగితే పిడిని కాస్త వేడిచేసి పాతది లాగేసి కొత్తది దించుకోవచ్చు.

మరి విసురుకి ఊడిపోదా? లెక్క వేద్దాం. అలుగు 800 గ్రాములు, దాని బరువుకేంద్రం భుజానికి 80 సెంటీమీటర్ల దూరంలో సెకనుకి 10 మీటర్ల వేగంతో తిరుగుతోందనుకోండి. బయటికి లాగే బలం 100 న్యూటన్లు, అంటే సుమారు 10 కిలోలు. చిన్న బిందెడు నీళ్ళ బరువు. తోక పొడవు 6, వెడల్పు 2 సెంటీమీటర్లైతే రెండు వైపులా కలిపి 24 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరుకి అర కిలో కూడా పడదు.

అసలు పరీక్ష దెబ్బ తగిలినప్పుడు. పిడికి 60 సెంటీమీటర్ల దూరాన 20 కిలోల దెబ్బ తగిలిందనుకుందాం. లోపల తోక 6 సెంటీమీటర్లే. గడ్డపారతో బండ లేపినట్టే ఇదీ: పొడుగు వైపు చిన్న బలం, పొట్టి వైపు పెద్ద బలం. పిడిని కదలకుండా పట్టుకుంటే తోక చివర 200 కిలోలు, మూతి దగ్గర 220 కిలోలు. (బడిలో తులాదండం పాఠం ఉయ్యాలబల్లతో మొదలై ఉయ్యాలబల్లతోనే ముగుస్తుంది. ఒక కత్తి తెచ్చి చూపిస్తే వెనకబెంచీ కూడా వింటుంది.) అయితే ఈ బలం లక్కని సాగదీయదు, ఇనుప గోడకేసి నొక్కుతుంది. లాగితే పుటుక్కున విరిగేది నొక్కితే ఓర్చుకుంటుంది. కాంక్రీటుదీ ఇదే గుణం.

కాంక్రీటులో కంకర ఉన్నట్టే ఈ లక్కలోనూ ఒకటుంది: ఇటుక పొడి. "పిడిలో మంత్రించిన భస్మం పోసేవారండీ, అందుకే ఊడదు" అని ఒకాయన నాతో గంటసేపు వాదించాడు. పొడి ఉన్నమాట నిజం, మంత్రం ఒక్కటే లేదు. మీటరు ఇనుప కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కితే 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. లక్క అంతకు ఎన్నో రెట్లు సాగుతుంది, చల్లారేటప్పుడు అంతగానూ ముడుచుకుని ఇనుముని వదిలేస్తుంది. ఇటుక పొడి అంతగా ముడుచుకోదు కాబట్టి మిశ్రమం నిలుస్తుంది. పగులు వచ్చినా రేణువుల చుట్టూ వంకర్లు తిరగలేక ఆగిపోతుంది. ఇక గట్టిపడ్డ ముద్ద నడుమ లావు, మూతి సన్నం. సీసాలోంచి సీసా ఆకారపు ముద్ద బయటికి రాదుగా!

వేడి మితిమీరకూడదు. లక్కలో ముఖ్యమైన అల్యూరిటిక్ ఆమ్లం 16 కార్బన్ల గొలుసు, దానికి మూడు హైడ్రాక్సిల్ గుంపులు, ఒక కార్బాక్సిల్ గుంపు. ఎక్కువసేపు కాగితే గొలుసులు నీటి అణువుల్ని వదులుతూ ఒకదానికొకటి ముడిపడి వలవుతాయి. ఆ తర్వాత ఎంత కాచినా కరగదు. మరి మే నెల ఎండ? కరగకముందే లక్క మెత్తబడుతుంది, ఎండలో పడున్న ఇనుము చెయ్యి పెట్టనివ్వదు. అలాంటి పిడి వదులైతే నేను ఆశ్చర్యపోను.

పిల్లని తీసుకుని మా ఊరి కొలిమికి వెళ్ళాను. "కొడవలికైతే తోక ఎర్రగా కాల్చి కర్రలో దిగ్గొడతా, లక్క ఎవడు కొంటాడు సార్" అని కమ్మరి నవ్వాడు. అయినా పిడి బదులు ఒక ఇనుప గొట్టం ముక్క, అలుగు బదులు విరిగిన ఆకురాయి ఇచ్చాడు. ఉత్త లక్కతో అతికినది దాగలి మీద రెండో దెబ్బకే ఊడింది. సగానికి సగం ఇటుక పొడి కలిపినది ఇరవై దెబ్బలు తిన్నా కదల్లేదు, మా చెయ్యే నొప్పెట్టింది. తర్వాత దాన్ని మరిగే నీళ్ళలో ఓ పది నిమిషాలు ఉంచి, గుడ్డతో పట్టి లాగింది మా మేనకోడలు. జిగటగా సాగుతూ ఆకురాయి చేతికొచ్చేసింది. తోక మీద ఎండుగడ్డి రంగు పొరైనా లేదు.