పల్టీలు కొట్టే విమానం కొనాలంటే

మిర్యాలగూడ

పిల్లలూ,

ఫోన్‌లో విమానం పల్టీలు కొట్టే వీడియో చూసి, "తాతా, తోక చక్రం ఉన్న ఇట్లాంటిది మనం కొనుక్కోవచ్చా? తక్కువలో ఏది వస్తది?" అని అడిగారు. మీ నాయన నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం అది నవ్వులాటగా అనిపించలేదు. బీదర్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో హెచ్‌టీ-2 విమానాల రెక్కలూ తోకలూ చూసుకున్నవాణ్ణి నేను. 1951లో మొదటిసారి ఎగిరిన మన హెచ్ఏఎల్ విమానం అది. దానికీ తోక కింద చిన్న చక్రమే, అదీ పల్టీలు కొట్టేది. ఇప్పుడది కొందామన్నా దొరకదు కాబట్టి, దొరికేవాటి గురించి చెప్తాను.

ముందు ఆ తోక చక్రం సంగతి. ఇప్పటి శిక్షణ విమానాల్లో చాలావాటికి ముక్కు కింద చక్రం ఉంటుంది. పాతకాలం వాటికీ, పల్టీలు కొట్టే చిన్న విమానాల్లో చాలావాటికీ ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక బుల్లి చక్రం. ముక్కు చక్రం, దాని కాలు లేకపోతే బరువు తగ్గుతుంది, గాలికి అడ్డు తగ్గుతుంది. గడ్డి నేల మీద దిగినా ప్రొపెల్లర్ నేలకు తగలకుండా ఎత్తులో ఉంటుంది.

కానీ నేల మీద దీనితో పేచీ ఉంది. రైస్ మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్‌ను ట్రాలీతో సహా వెనక్కి తీయడం చూశారు కదా? ట్రాలీ కొంచెం పక్కకు తిరిగిందంటే ఇంకా ఇంకా తిరుగుతుంది, డ్రైవర్ వెంటనే స్టీరింగ్ సరిచేయకపోతే అడ్డం పడుతుంది. తోక చక్రం విమానం నేల మీద పరిగెత్తేటప్పుడు అచ్చం అంతే. దాని బరువు కేంద్రం పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. కాస్త పక్కకు మళ్లితే ఆ వెనక బరువు ముందుకు రావాలని చూస్తుంది. పైలట్ కాళ్లతో రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) పెడల్స్ వెంటవెంటనే తొక్కి సరిచేయాలి. ఆలస్యమైతే విమానం గిర్రున తిరిగిపోతుంది. దాన్ని గ్రౌండ్ లూప్ అంటారు. అలా తిరిగినప్పుడు ఒక రెక్క చివర నేలకు కొట్టుకుంటుంది. మనిషికి ఏమీ కాకపోవచ్చు, బయటికి రెక్కకూ ఏమీ కానట్టే ఉండొచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ఏ విమానం? తక్కువ ఖర్చులో పల్టీల విమానం అంటే అమెరికాలో ముందు వినబడే పేరు సిటాబ్రియా. ఛాంపియన్ అనే కంపెనీ 1964లో తెచ్చింది. ముందొకరు, వెనకొకరు కూర్చుంటారు. ఒంటికి స్టీలు గొట్టాల చట్రం, పాతవాటి రెక్కల్లో చెక్క దూలాలు, వాటి మీద గుడ్డ. "గుడ్డ రెక్కలా!" అని భయపడకండి. అది పాలిస్టర్ గుడ్డ. అంటించాక ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే బిగుసుకుంటుంది, ఆ తర్వాత మందు పూతలు, రంగు. వేలితో కొడితే డప్పులా మోగాలి.

ఇందులో 115 హార్స్‌పవర్ ఇంజన్‌ది చవక, గంటకు ఇరవై రెండు, ఇరవై మూడు లీటర్లు తాగుతుంది. 150 హార్స్‌పవర్‌ది కొంచెం ఎక్కువ. డబ్బు పొదుపు చూస్తే మొదటిదే అంటారు. నేనైతే రెండోదే అంటాను, కారణం మన ఎండ. మే నెలలో నల్లగొండలో 43, 44 డిగ్రీలు మామూలే. గాలి వేడెక్కితే పలచబడుతుంది. రెక్కకు ఆనేదీ తక్కువ, ఇంజన్‌కు అందేదీ తక్కువ. లెక్క కడితే ఆ ఎండలో విమానం రమారమి 4000 అడుగుల ఎత్తున్న ఊళ్లో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. పల్టీ కొట్టిన ప్రతిసారీ ఎంతో కొంత ఎత్తు పోతుంది, మళ్లీ పైకెక్కాలి. చిన్న ఇంజన్‌తో ఆ ఎక్కడానికే టైమంతా పోతుంది.

పెద్దోడు అడిగాడు, తలకిందులైతే పెట్రోల్ ఎట్లా పారుతుందని. మంచి ప్రశ్న. మామూలు సిటాబ్రియాలో పెట్రోల్ రెక్కల్లోంచి కిందికి దానంతటదే పారుతుంది. అయినా లూప్, అంటే గాల్లో నిలువుగా గుండ్రంగా తిరిగే పల్టీ, సరిగ్గా కొడితే ఇంజన్ ఆగదు. ఎందుకంటే లూప్ పైభాగంలో తలకిందులుగా ఉన్నా మీరు సీటుకే ఒత్తుకుని ఉంటారు, పెట్రోల్ కూడా అటే ఒత్తుకుంటుంది. లూప్‌లోకి లాగేటప్పుడు మూడు, మూడున్నర జీ పడుతుంది. అంటే 50 కిలోల పిల్లవాడు ఆ క్షణాన 150 కిలోల పైనే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ తలకిందులుగానే నేరుగా ఎగరాలంటే మామూలు కార్బ్యురేటర్ ఇంజన్ ఊరుకోదు, కాసేపటికే ఆగిపోతుంది. అలా ఎగరాలన్న మోజుంటే డెకథ్లాన్ చూడాలి. అది సిటాబ్రియాకు చిన్న తమ్ముడు, 1970లో వచ్చింది. తలకిందులుగానూ పెట్రోల్, ఆయిల్ అందే ఏర్పాటుంది, రెక్క పైనా కిందా దాదాపు ఒకే వంపు. సిటాబ్రియా ప్లస్ 5, మైనస్ 2 జీ వరకు తట్టుకునేలా కడితే, డెకథ్లాన్‌ను ప్లస్ 6, మైనస్ 5 వరకు కట్టారు. ధర కూడా అలాగే పైకి పోతుంది. మొదటి విమానానికి అంత అక్కర లేదని నా అభిప్రాయం.

చిన్నదానికి వీడియోలో నచ్చిన ఆ రెండు రెక్కల వరసల బుల్లి విమానం పిట్స్ స్పెషల్. కర్టిస్ పిట్స్ చేసినది, 1944లో మొదటిసారి ఎగిరింది. బెట్టీ స్కెల్టన్ అనే అమ్మాయి 1948 నుంచి వరసగా మూడేళ్లు అమెరికాలో ఆడవాళ్ల పల్టీల ఛాంపియన్. ఆమె పిట్స్ ఇప్పుడు అక్కడి మ్యూజియంలో తలకిందులుగా వేలాడుతోంది. అందమైన విమానమే, కానీ దిగేటప్పుడు వేగం ఎక్కువ, ముందు ఏమీ కనబడదు, పొట్టి ఒళ్లు కాబట్టి నేల మీద ఇంకా చిలిపి. నాలుగైదేళ్లు వేరేది నడిపాక ఆలోచించు తల్లీ. సెస్నా ఏరోబ్యాట్ చవకే కానీ దానికి ముక్కు చక్రం. ఆర్‌వీ-4 లాంటివి కిట్ కొని ఇంట్లో బిగించుకునేవి, అల్యూమినియంవి, చాలా మంచివి. కానీ ఎవరు రివెట్లు కొట్టారో వాళ్ల చేతిని నమ్మాలి.

ఇప్పుడు ఆ రెక్క చివర దెబ్బ దగ్గరికి వద్దాం. పాత సిటాబ్రియా రెక్క మొత్తానికి ఆధారం పొడవాటి చెక్క దూలాలు, వాటిని స్పార్‌లు అంటారు. గ్రౌండ్ లూప్‌లో రెక్క చివర నేలను కొట్టినప్పుడు ఆ దెబ్బ దూలం పొడవునా పాకుతుంది. పైన గుడ్డ చిరగకపోవచ్చు. లోపల మాత్రం చెక్క నారలు నలిగి వెంట్రుక మందాన గీత పడుతుంది. చెక్క సహజంగా పగిలితే నార వెంబడి పగులుతుంది. ఇది నారకు అడ్డంగా, ఎక్కువగా మేకుల రంధ్రాల దగ్గర ఉంటుంది. నేల మీద అది ఎన్నేళ్లున్నా ఎవరికీ తెలియదు. మూడున్నర జీ లాగిన రోజు తెలుస్తుంది. ఈ పగుళ్ల వల్లే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఈ రకం చెక్క దూలాలను క్రమం తప్పకుండా చూడాలని ఆదేశం ఇచ్చింది. 1990 నుంచి, ఇప్పుడు సిటాబ్రియాలు చేసే అమెరికన్ ఛాంపియన్ కంపెనీ మెటల్ దూలాలతో రెక్కలు కడుతోంది. పాత విమానాలకూ ఆ రెక్కలు బిగించుకోవచ్చు.

చూసే పద్ధతి చెప్తాను. రెక్క అడుగున గుడ్డలో చిన్న గుండ్రటి మూతలుంటాయి. మూత తీసి, బాగా వెలుగున్న టార్చి ఒక చేత్తో, పంటి డాక్టర్ వాడేలాంటి అద్దం ఇంకో చేత్తో లోపలికి పెట్టాలి. వెలుతురు నేరుగా వేస్తే గీత కనబడదు, పక్క నుంచి ఏటవాలుగా వేయాలి, అప్పుడు దాని నీడ కనబడుతుంది. ప్రతి రిబ్ (దూలానికి అడ్డంగా ఉండే రెక్క పక్కటెముక) దగ్గరా ఆగి చూడాలి. మెడ పట్టేస్తుంది, ఒక రెక్కకే పూట పడుతుంది. తొందరపెట్టే అమ్మకందారు దగ్గర కొనకూడదు.

ఇంజన్ గురించి ఎక్కువ రాయను. వీటిని తయారుచేసే లైకోమింగ్ కంపెనీ వాళ్లు ఈ ఇంజన్లలో చాలావాటికి 2000 గంటలు, లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అప్పుడు పూర్తిగా విప్పి బాగుచేయించమంటారు. గంటలు తక్కువ తిరిగింది కదా అని సంబరపడొద్దు. ఏళ్ల తరబడి కదలకుండా పడున్న ఇంజన్ లోపల తుప్పు పడుతుంది.

ఇద్దరం కలిసి పోతామన్నారు కదా, బరువు లెక్క చూడండి. పాత సిటాబ్రియా మొత్తం బరువు 748 కిలోలు దాటకూడదు. ఖాళీ బరువు 500 అనుకుంటే మిగిలేది 248. పెద్దయ్యాక మీరిద్దరూ కలిపి 150, ఇద్దరికీ పారాషూట్లు ఇంకో 15. మిగిలింది 83. ట్యాంకు నిండా పెట్రోలే సుమారు 98 కిలోలు తూగుతుంది. కాబట్టి నిండా పోసుకుని ఇద్దరూ పోవడం కుదరదు. విమానం కొనేటప్పుడు ఈ లెక్క వేయని పెద్దవాళ్లు కూడా ఉన్నారు.

మన దగ్గర సంగతి. ఆ పెట్రోల్ మన బంకుల్లో దొరకదు. ఏవ్‌గ్యాస్ అని వేరే. ఇండియన్ ఆయిల్ 2022లో మన దేశంలో తయారైనది మార్కెట్లోకి తెచ్చింది. అంతకుముందు బయటినుంచే రావాలి. అమెరికాలో నలుగురు కలిసి ఒక విమానం కొని ఖర్చు పంచుకోవడం మామూలు. హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్, ఏటా చేయించే తనిఖీ విమానం ఎగిరినా ఎగరకపోయినా తప్పవు కాబట్టి, ఒక్కడే కొనుక్కుని నెలకోసారి ఎగిరేవాడికి గంట చాలా ఖరీదు పడుతుంది. పైగా నెలకోసారి ఎగిరేవాడి కాళ్లు ఆ పెడల్స్ మీద మొద్దుబారతాయి. నాకు డబ్బు కన్నా అదే భయం.

మీ అమ్మ భయపడుతోందని కోపగించుకోకండి. 2022 ఫిబ్రవరిలో మన పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలి ట్రైనీ పైలట్ ప్రాణం పోయింది. ఆ వార్త ఆమె మర్చిపోలేదు. స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌కు 16 ఏళ్లు నిండాలి, ప్రైవేట్ లైసెన్స్‌కు 17, కనీసం 40 గంటల ఎగురుడు. పదో తరగతి పాసవ్వాలి. పల్టీలు ఆ తర్వాత, నేర్పేవాడు పక్కనో వెనకో కూర్చున్నప్పుడే.

ఈలోగా అమ్మకానికి పెట్టిన సిటాబ్రియా ఎక్కడైనా కనబడితే నాకు పంపండి, చూసి చెప్తాను. ఎర్ర రంగు, తెల్ల చారల ఫోటోలు వద్దు. లాగ్‌బుక్‌లో రెక్కల రిపేర్లు రాసిన పేజీలు కావాలి. రెక్క చివర మార్చినట్టు ఎక్కడైనా ఉంటే ఆ తారీఖు కింద గీత గీసి పంపండి.

మీ
తాత