సినిమాటోగ్రాఫర్ పని: అపోహలు - వాస్తవాలు

ప్రొద్దుటూరులో పెళ్లి వీడియోలతో మొదలుపెట్టి, ఇప్పుడు సినిమాలకు అసిస్టెంట్ కెమెరామన్‌గా చేస్తున్నాను. ఊరికి వచ్చినప్పుడల్లా పిల్లలు అడిగేది ఒకటే: "అన్నా, ఏ కెమెరా కొనమంటావ్?" వాళ్ల కోసమే ఇది.

అపోహ: మంచి కెమెరా కొంటే కెమెరామన్ అయిపోవచ్చు.

వాస్తవం: సినిమాకు కెమెరా చాలావరకు అద్దెకు వస్తుంది. ఫోకస్ చూడటానికి ఒకరుంటారు, ఒక్కోసారి ఆపరేటర్ కూడా వేరే. వెలుగు ఎటు నుంచి పడాలి, ఏ లెన్స్ వేయాలి, ఎక్కడ చీకటి వదలాలి అన్నది సినిమాటోగ్రాఫర్ తేల్చాలి. డైరెక్టర్‌తో కథకు కూర్చున్న రోజే ఆ పని మొదలవుతుంది.

అపోహ: సీమలో ఎండకు కొదవా? లైటింగ్ ఎందుకు?

వాస్తవం: గండికోటలో ఒకసారి మిట్టమధ్యాహ్నం షాట్ పెట్టాం. నడినెత్తిన సూర్యుడు. నటి కళ్ల గుంటల్లో, ముక్కు కింద నల్లటి నీడలు. మా చీఫ్, అంటే ఆ సినిమా సినిమాటోగ్రాఫర్, ఆమె తలపైన పెద్ద తెల్లబట్ట కట్టించారు, ఎండ మెత్తబడింది. ముందు థర్మాకోల్ షీటు పట్టుకోగానే కళ్లలో మెరుపొచ్చింది. అయినా ఒక చెంప ఎర్రగానే ఉంది. నేను మేకప్ అనుకున్నా. ఆయన పక్కనున్న కోట గోడ చూపించారు. ఎర్రరాయి మీద పడిన ఎండ తిరిగి ఆమె ముఖం మీదికొస్తోంది! ఆ వైపు నల్లబట్ట అడ్డం పెట్టాక గానీ ఒంటిరంగు కుదరలేదు. నాకు ఈ పని మీద ప్రేమ కలిగింది ఆ చెంప దగ్గరే.

మన తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి గారి 'మాయాబజార్' (1957)లో వెన్నెలను సినిమాటోగ్రాఫర్ మార్కస్ బార్ట్‌లే గారు లైటింగ్‌తోనే పుట్టించారు. వెలుగు మీద పట్టంటే అది.

అపోహ: ఏం తీసినా డీఐలో (షూటింగ్ అయ్యాక కంప్యూటర్‌లో రంగులు సరిచేసే పని) సరిచేసుకోవచ్చు.

వాస్తవం: రంగు కొంత మార్చవచ్చు. పూర్తిగా తెల్లగా కాలిపోయిన చోట మాత్రం తీయడానికి ఏమీ మిగలదు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు పట్టుపంచె అలా పోగొట్టాను. జరీ అంచు కూడా కనపడలేదు. ఆ ఇంటివాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తే.

అపోహ: పెళ్లి వీడియోలు తీసినవాడు సినిమాకు పనికిరాడు.

వాస్తవం: తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా. ఆ చురుకుదనం సెట్లో అక్కరకొస్తుంది. ట్యూబ్‌లైటు కింద వీడియోలో వెలుగు మిణుకుమనకుండా (ఫ్లికర్ రాకుండా) షటర్ సెకనులో 1/50 వంతుకు పెట్టాలని నేర్చుకున్నది కల్యాణమండపంలోనే. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు వెలుగు దాంతోపాటే మిణుకుమంటుంది కాబట్టి.

అపోహ: తెలిసినవాళ్లు లేకపోతే దారే లేదు.

వాస్తవం: పుణెలోని ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో సినిమాటోగ్రఫీ మూడేళ్ల కోర్సు ఉంది. ఏ డిగ్రీ చేసినవాళ్లైనా ఎంట్రన్స్ రాయొచ్చు. లేదంటే అసిస్టెంట్‌గా చేరి ఏళ్ల తరబడి పని నేర్చుకోవాలి. రెండో దారిలో మొదట్లో డబ్బు చాలా తక్కువ, ఇంట్లో ముందే చెప్పుకోండి.

ఈలోగా మీ అమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫోన్‌లో ఎక్స్‌పోజర్ లాక్ చేసి (ఫోన్ వెలుగును తనంతట తాను మార్చకుండా) ఫోటో తీయండి. నీడ వైపు తెల్ల దుప్పటి పట్టుకుని ఇంకోటి, నల్ల దుప్పటితో మరోటి. మూడింటిలో ఆ చెంప ఒక్కటే చూడండి.