ఊరికి తెలుసు, ఠాణాకు తెలియదు

మహారాష్ట్రలోని నాందేడ్ పేరు మళ్లీ అందరి నోళ్లలో నానుతోంది. 2025 నవంబరు చివర్లో ఆ నగరంలో ఒక యువకుణ్ణి అతను ప్రేమించిన అమ్మాయి ఇంటివాళ్లే చంపారన్న కేసు, శవం పక్కనే ఆమె బొట్టు పెట్టుకున్న వీడియో, సొంతవాళ్లను వదలొద్దని కెమెరాల ముందు ఆమె అన్న మాటలు ఫోన్లలో తిరిగి తిరిగి పాతబడ్డాయి. మళ్లీ వాటిని చెప్పే పని లేదు.

బాసర దాటితే వచ్చే ధర్మాబాద్, ఆ పక్క బిలోలి, దెగ్లూరు వైపు తెలుగు ఇళ్లలో నడుస్తున్న వాదన వేరు. (మన పేపర్లకు ధర్మాబాద్ అంటే 2010 నాటి బాబ్లీ ప్రాజెక్టు గొడవ, చంద్రబాబు అరెస్టు, అంతే. అక్కడ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడుతూ తరాలుగా బతుకుతున్న జనం ఉన్నారన్నది ఎవరికీ పట్టదు.) ఆ అమ్మాయి నోరు విప్పింది కాబట్టి దేశానికి తెలిసింది. విప్పేవాళ్లు లేని చోట ఏమవుతుంది? ఊరంతా తెలిసీ ఊరుకుంటే ఊరి మీద కూడా కేసు పెట్టాలా వద్దా? ఇదీ వాదన.

దీనికి ఆధారం 2023 నాటి సంగతి. ఆ ఏడాది జనవరి 22 రాత్రి నాందేడ్ దగ్గర లింబ్‌గావ్ ఠాణా పరిధిలోని ఒక పల్లెలో హోమియోపతి డాక్టరు కోర్సు చదువుతున్న అమ్మాయి చనిపోయింది. కుదిర్చిన సంబంధం చెడిపోయిందన్న కోపంతో సొంతవాళ్లే ఆమెను చేనుకు తీసుకుపోయి, గొంతు నులిమి, అక్కడే కాల్చేసి, బూడిదను వాగులో కలిపారని పోలీసులు చెప్పారు. తండ్రి, సోదరుడు, మేనమామ సహా ఐదుగురిని అరెస్టు చేశారు. ఠాణాకు ఈ కబురు చేరింది కొన్ని రోజుల తర్వాత, అదీ పేరు చెప్పని మనిషి ద్వారా. ఈలోగా ఆ పల్లెలో పొద్దున్నే పాలు పోసేవాళ్లు పోశారు, చేనుకు పోయేవాళ్లు పోయారు. పిల్ల ఏదని అడిగినవాళ్లు ఉన్నారో లేదో గానీ, అడిగి ఠాణా దాకా వచ్చినవాళ్లు మాత్రం లేరు.

కేసు పెట్టాలనేవాళ్ల మాట సూటిగా ఉంటుంది. చంపింది ఐదుగురైతే దాచింది ఊరంతా అంటారు. చట్టం కూడా వాళ్ల పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. ఊళ్లో ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోయినా, నేరం జరిగిందేమో అనిపించేలా మాయమైనా, తెలిసినవాళ్లు వెంటనే దగ్గర్లోని ఠాణాకో మేజిస్ట్రేటుకో చెప్పాలని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 40వ సెక్షన్లో ఉండేది. దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 34వ సెక్షన్. గ్రామోద్యోగులు, పంచాయతీ సభ్యులు మాత్రమే కాదు, ఆ ఊళ్లో ఉండే ప్రతి మనిషీ దాని కిందికి వస్తాడు. చెప్పాల్సిన మనిషి తెలిసీ కావాలని చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సాక్ష్యం మాయం చేయడంలో చెయ్యి కలిపితే, హత్య కేసుల్లో ఏడేళ్ల దాకా పడొచ్చు.

కాగితం మీద ఇంత ఉన్నా, చెప్పలేదన్న నేరానికి జైలుకు పోయిన ఊరివాణ్ణి చూపించమంటే కష్టం. ముందు హత్య జరిగిందని రుజువు కావాలి. తర్వాత ఫలానా మనిషికి ఆ సంగతి తెలుసని, తెలిసీ దాచాడని రుజువు కావాలి. అది కోర్టుకొచ్చి చెప్పాల్సింది కూడా ఆ ఊరివాళ్లే కదా!

రెండో పక్షం కుల పెద్దలది. ఇంటి విషయం రచ్చకెక్కితే మిగతా పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయంటారు. అంతకుమించి వాళ్ల దగ్గర వినదగ్గది నాకు కనిపించలేదు.

రెండు పక్షాలూ వదిలేస్తున్న మనిషి ఒకడున్నాడు. పోలీస్ పాటిల్.

నిజాం నాటి మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీల పెత్తనం తెలంగాణ పాఠకులకు చెప్పక్కర్లేదు. 1956లో మరాఠ్వాడా జిల్లాలు బొంబాయి రాష్ట్రంలోకి పోయాక దారులు వేరయ్యాయి. ఇవతల 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థనే ఎత్తేసింది. ఆ తర్వాత వచ్చిన వీఆర్వోలను కూడా 2020లో తెలంగాణ తీసేసింది. అవతల అలా జరగలేదు. 1967లో మహారాష్ట్ర గ్రామ పోలీస్ చట్టం తెచ్చి, పోలీస్ పాటిల్ పదవికి వంశపారంపర్యం తీసేసి నియామకం పెట్టారు. పదవి మాత్రం నిలిచింది. ఊళ్లో ఏ నేరం జరిగినా, ఏ అనుమానం వచ్చినా అధికారులకు తెలియజేయడం అతని పని. అంటే అవతలి పల్లెల్లో ఊరి మౌనాన్ని దాటి కబురు చేరవేయడానికే ప్రభుత్వం ఒక మనిషిని పెట్టుకుంది. మన పల్లెల్లో ఆ మనిషి లేడు.

మరి ఆ మనిషి ఉన్న చోట కూడా కబురు ఎందుకు రాదు? నా లెక్కలో సంగతి మలుపు తిరిగింది 2007లో. ఆ ఏడాది ఆగస్టు 15న, ఆర్.ఆర్.పాటిల్ హోం మంత్రిగా ఉండగా, మహాత్మా గాంధీ తంటాముక్త్ గావ్ (తగాదాల్లేని ఊరు) ఉద్యమం మొదలైంది. ఊరి తగాదాలు ఊళ్లోనే సర్దుకోవాలి, కొత్తవి రాకుండా చూసుకోవాలి, అలా చేసిన ఊరికి సర్కారు లక్షల్లో బహుమతి ఇస్తుంది. ప్రతి ఊళ్లో తంటాముక్తి సమితి పుట్టింది. పోలీస్ పాటిల్ దాంట్లో ముఖ్యమైన మనిషి.

పథకం చెడ్డదని అనలేం. గట్టు తగాదాలు, బావి నీళ్ల గొడవలు, ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగేవి చాలా ఊళ్లలో తీరిపోయాయి. ఇళ్లలో ఒప్పుకోని కులాంతర ప్రేమ జంటలకు సమితులే నిలబడి పెళ్లి చేసిన ఊళ్లూ ఉన్నాయి. హత్యలాంటి నేరాల్లో రాజీ కుదర్చమని ఏ నిబంధనా చెప్పలేదు. అయినా జరిగింది ఏమిటంటే, ఠాణాకు కబురు పోయే దారిలో ఒక కమిటీ వచ్చి కూర్చుంది. ఏదైనా జరిగితే ముందు సమితికి చెప్పడం, పేరు పాడుకాకుండా చూసుకోవడం అలవాటైంది. కేసుల్లేని ఊరే మంచి ఊరని ప్రభుత్వమే బోర్డు కట్టించి మెచ్చుకుంటే, కేసు తెచ్చేవాడు ఊరికి చెడ్డపేరు తెచ్చినవాడవుతాడు. నేరం కబురు మొయ్యాల్సిన పాటిల్‌ను ఊరి పరువు కాపాడే పనిలో పెట్టాం. రెండూ ఒకే మనిషి చెయ్యలేడు.

దీనికి ఏడాది ముందే, 2006లో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ మౌనం గురించే రాసింది. ఆ కేసు కూడా నాందేడ్ వైపు నుంచి వెళ్లిందే. అత్తింట్లో భార్య చనిపోతే పాము కరిచిందన్నారు. కింది కోర్టు హత్య నేరం కొట్టేసింది, హైకోర్టు వేసిన శిక్షను సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఇంటి లోపల గుట్టుగా జరిగిన హత్యకు ఇంటివాళ్లు సాక్ష్యం చెప్పరు, ఇరుగుపొరుగుతో తగువు ఎందుకని పక్కింటివాళ్లూ దూరంగా ఉంటారు, కాబట్టి ఆ ఇంట్లో ఉన్నవాళ్లే ఏం జరిగిందో చెప్పుకోవాలి అని తీర్పు. ఆ దారి చాలా కేసుల్లో పనికొచ్చింది. కానీ అది కోర్టు దాకా వచ్చిన కేసుకే. బూడిద వాగులో కలిపి, ఠాణాకు కబురే రాకపోతే ఏ తీర్పు ఏం చేస్తుంది?

పసిపిల్లల విషయంలో ఇది ఎక్కడిదాకా పోతుందో 2012లో యవత్మాల్ చూసింది. ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న ఆ జిల్లాలో, ఘాటంజీ తాలూకాలోని ఒక పల్లెలో, అక్టోబరులో ఏడేళ్ల పాప కనిపించకుండా పోయింది. నెలల తరబడి జాడ లేదు. చివరికి నరబలి ఇచ్చారని బయటపడింది. నిందితులుగా పట్టుబడినవాళ్లలో పాప బంధువులున్నారు, ఊరివాళ్లున్నారు. 2015లో యవత్మాల్ కోర్టు మరణశిక్షలు వేసింది. మరణశిక్ష ఏదైనా హైకోర్టు ధ్రువీకరించాలి కాబట్టి ఆ కేసు పైకి నడిచిన దారి వేరే కథ. ఇక్కడ నాకు కావాల్సింది ఆ నెలలు. పాప మాయమైంది ఏ నగరంలోనో కాదు, ఎవరింటి కోడి తప్పిపోయినా సాయంత్రానికి అందరికీ తెలిసే ఊళ్లో. తంటాముక్తి సమితులు తగాదాల రిజిస్టరు రాసుకునే రోజుల్లో అన్ని నెలలు ఎవరు ఎవరిని అడిగారు?

తర్వాత చట్టాలు వచ్చాయి. 2013 ఆగస్టు 20న పుణెలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను కాల్చి చంపాక, ఏళ్లుగా మూలపడిన నరబలి, చేతబడి వ్యతిరేక చట్టం నాలుగు రోజుల్లో ఆర్డినెన్సుగా, ఆ డిసెంబరులో చట్టంగా వచ్చింది. ఆ ఏడాదే నాసిక్‌లో వేరే కులం అబ్బాయిని చేసుకుందని నిండు గర్భిణి అయిన కూతుర్ని తండ్రే చంపిన కేసు, దాని వెనక కుల పంచాయతీ ఒత్తిడి బయటకొచ్చాయి. 2016లో చట్టసభ ఒప్పుకుని, 2017 జూలైలో అమల్లోకి వచ్చిన సామాజిక బహిష్కరణ నిషేధ చట్టానికి మూలం అక్కడుంది. వెలివేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

ఇవి అవసరమే. కానీ చంపినవాణ్ణీ వెలివేసినవాణ్ణీ పట్టుకునే చట్టాలు ఇవి. చూసి చెప్పినవాడు మర్నాడు అదే ఊళ్లో ఎలా బతకాలన్నది వీటితో తేలలేదు. 2014 ఏప్రిల్లో అహ్మద్‌నగర్ జిల్లా ఖర్డాలో పదిహేడేళ్ల దళిత కుర్రాణ్ణి బడి దగ్గర్నుంచి ఈడ్చుకెళ్లి చంపారు. చంపింది అతను మాట్లాడిన అమ్మాయి తరఫువాళ్లన్నది కేసు. అంతా పట్టపగలు జరిగింది, చూసినవాళ్లున్నారు. 2017 నవంబరుకల్లా సాక్షులు అడ్డం తిరిగారు, నిందితులందరూ విడుదలయ్యారు. సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు ముద్ర పడింది ఆ మరుసటి ఏడాది, 2018 డిసెంబరులో.

పాటిళ్లకూ చెప్పుకునే మాట ఉంది, అది కుల పెద్దల మాటలా కొట్టిపారేసేది కాదు. పాటిల్ ఆ ఊరివాడే అయి ఉండాలన్నది నియామకం షరతు. కాబట్టి ప్రతి కేసులోనూ నిందితుడు అతనికి బాబాయో, అప్పిచ్చినవాడో, చేనుకు దారి ఇచ్చినవాడో అవుతాడు. 2024 మార్చిలో పెంచేదాకా వాళ్లకు నెలకు 6,500 రూపాయల గౌరవ వేతనం. ఇప్పుడు 15,000. కబురు ఇచ్చిన రాత్రి ఇంటి మీదికి జనం వస్తే ఠాణా జీపు వచ్చేదాకా దిక్కెవరు అని అడుగుతారు. ఇది కుల పెద్దలు చెప్పే పరువు బెంగ కాదు, మామూలు భయం. అందుకే ఊరందరి మీదా కేసు పెట్టాలనేవాళ్లతో నేను ఏకీభవించలేను. ఐదువందల గడపల మీద కేసు పెడితే ఐదువందల గడపలూ ఒక్కటవుతాయి. చెప్పడం ఉద్యోగంగా ఉన్నవాణ్ణి అడగడం వేరు.

సరిహద్దు తెలుగు ఇళ్లకు ఇంకో చిక్కుంది. నిజామాబాద్, నిర్మల్ జిల్లాలతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఎక్కువ. పిల్ల కనిపించకపోతే ‘అమ్మమ్మ ఊరికి పోయింది’ అంటే చాలు, రాష్ట్రం మారిపోతుంది. ఇటువాళ్లు అటు ఉందనుకుంటారు, అటువాళ్లు ఇటు ఉందనుకుంటారు. అనుమానం వచ్చిన మేనత్త బాసర ఠాణాకు పోతే మహారాష్ట్రకు పొమ్మని తిప్పిపంపే పద్ధతి చట్టప్రకారం ఇప్పుడు చెల్లదు. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు ఏ ఠాణాలోనైనా రాసుకోవాలని, తర్వాత సంబంధిత ఠాణాకు పంపాలని బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ చెబుతోంది. ఊళ్లో పాటిల్‌కు చెప్పుకోలేని ఆడవాళ్లకు ఇది పెద్ద దారి. దీని గురించి రెండు భాషల్లో ఒక బోర్డైనా బస్టాండుల్లో పెట్టొచ్చు.

ఇప్పటి వాదనలో తేలాల్సింది ఇదే. వేతనం పెంచిన ప్రభుత్వం దాంతోపాటు జవాబుదారీ కూడా పెట్టాలి. ఇంటివాళ్లే నిందితులైన ప్రతి హత్య కేసులో పోలీస్ పాటిల్‌కు ఎప్పుడు తెలిసింది, ఎవరి ద్వారా తెలిసింది, ఠాణాకు ఏ రోజు ఏ గంటకు చెప్పాడు అన్నది అతని వాంగ్మూలంగా చార్జిషీటులో ఉండాలి. చెప్పినందుకు అతని మీద ఒత్తిడి వస్తే, సాక్షుల రక్షణ కింద అడగాల్సిన మొదటి పేరు అతనిదే కావాలి. నాందేడ్ జిల్లా పోలీసులు ఈ పని మొదలుపెట్టడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.