డబ్బుకి రెండు గళ్ళు, పరువుకి రెండు గళ్ళు

విజయవాడ,
29-3-2025.

చిరంజీవులు బుజ్జికి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ నాయనమ్మా క్షేమం. ఈ ఏడాది మీ ఇంట్లో పెద్దవాళ్ళకి జరిగిన మంచి చెడ్డలు రాసుకు రమ్మని బళ్ళో చెప్పారట కదా, చంటి మొన్న ఫోన్ చేశాడు. ఫోన్లో చెబితే వాడు సగం వింటాడు, సగం గేమ్ ఆడతాడు. అందుకే ఉత్తరం రాస్తున్నా. బుజ్జీ, నీకూ ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు అయిపోయాయి కాబట్టి తీరిగ్గా చదువు. ఇందులో నీకు చెప్పాల్సిన ముక్క ఒకటుంది.

రేపు ఉగాది. క్రోధి వెళ్ళి విశ్వావసు వస్తుంది. నాకూ క్రోధికీ పాత చుట్టరికం. తెలుగు సంవత్సరాల పేర్లు 60, ప్రభవతో మొదలై అక్షయతో అయిపోతాయి, మళ్ళీ మొదటికొస్తాయి. వాటిలో క్రోధి 38వది. 1964లో వచ్చిన క్రోధిలో నేను పుట్టాను. చక్రమంతా తిరిగి పోయిన ఏడాది ఏప్రిల్ 9న అదే పేరు మళ్ళీ వచ్చింది. మీ నాన్న షష్టిపూర్తి చేస్తానని పట్టుబట్టింది అందుకే.

పోయిన ఉగాదికి రామాలయంలో పంచాంగ శ్రవణానికి వెళ్ళాం. పంతులుగారు ఒక్కో రాశికి నాలుగేసి అంకెలు చదువుతారు: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. నాది మేషం. ఆదాయం 8, వ్యయం 14, రాజపూజ్యం 4, అవమానం 3. నాయనమ్మది వృశ్చికం. మేషానికీ వృశ్చికానికీ కుజుడే అధిపతి కాబట్టి ఆవిడకీ ఆదాయం 8, వ్యయం 14. "ఒక్క కొంపలో రెండు పద్నాలుగులా!" అని అక్కడే అనేసింది. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు.

ఇవి నిజమవుతాయా అని అడుగుతారు మీరు. ఒక రాశిలో పుట్టినవాళ్ళు కోట్లమంది ఉంటారు, అందరి జమాఖర్చూ ఒకేలా ఎందుకుంటుంది? అంకెల్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ నాలుగు గళ్ళు మాత్రం నాకు నచ్చుతాయి. డబ్బుకి రెండు, పరువుకి రెండు. ఎవరు పెట్టారో గాని తెలివైనవాడు, రెండింటినీ కలపలేదు. ఏడాది చివర నేను నా లెక్క ఆ గళ్ళలోనే వేసుకుంటాను.

వ్యయం సంగతి మీకు తెలిసిందే, సెప్టెంబర్ వరద. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు కదా, మేమంతా కృష్ణ వైపే చూస్తూ కూర్చున్నాం. నీళ్ళు వెనకనుంచి బుడమేరులో వచ్చాయి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కణ్ణుంచి కాలువ తవ్వి దాని నీళ్ళని కృష్ణలోకి మళ్ళించారు. కానీ అప్పుడు కృష్ణే నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది, అంతకుముందు ఎన్నడూ అంత వరద రాలేదు. మళ్ళింపు కాలువకి గండ్లు పడ్డాయి. సెప్టెంబర్ 1న పొద్దున లేచేసరికి మా సింగ్‌నగర్ వీధుల్లో నీళ్ళు. మేము పై వాటాలోకి ఎక్కాం. డ్రోన్ తెచ్చి మేడ మీద దించిన పులిహోర పొట్లం తిన్నామని చంటి వాళ్ళ క్లాసులో చెబితే ఎవరూ నమ్మలేదట. నిజమే అని రాయి.

షాపులో కుట్టు మిషన్లన్నీ మునిగాయి. నీళ్ళు తీశాక షట్టర్ ఎత్తితే నేలంతా మెత్తటి నల్ల బురద. మోటార్లు పోయాయి. షటిల్ విప్పి కిరసనాయిల్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఆయిల్ వేసి తిప్పితే పాత కాలు మిషన్ ఒక్కటి మాత్రం గరగరమంటూ తిరిగింది. చవితి వారం రోజుల్లో ఉందనగా వచ్చిన వరద కదా, షెల్ఫుల నిండా జనం బట్టలు. లైనింగ్ వేసి హుక్కులు మాత్రం మిగిలిన జాకెట్లు, ఆది జాకెట్లు, బిల్లు చీటీలు, అన్నీ ఒకే ముద్ద. పట్టు బట్టల రంగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

ఇదంతా వ్యయం గడి. చాలా పెద్ద గడి, ఒప్పుకుంటా. ఇంకా తీరని అప్పు కొంత ఉంది. కానీ మిషన్లు మునిగాయని నన్నెవరూ తక్కువ చేసి చూడలేదు. వీధంతా మునిగింది, అందులో నేనూ ఒకణ్ణి.

అవమానం వేరే రోజు జరిగింది. కూతురి పెళ్ళికి పట్టు జాకెట్లు ఇచ్చినావిడ వచ్చింది. పాడైన గుడ్డలు చూపించాను, కుట్టుకూలీ వద్దన్నాను, గుడ్డ ఖరీదు కొంచెం కొంచెంగా ఇస్తానన్నాను. "బాగున్నవి అమ్ముకుని వరద మీదికి తోస్తున్నావేమో, ఎవరు చూశారు!" అంది, నడివీధిలో, అందరూ వింటుండగా. డబ్బు కట్టేశాను. ఆవిడ ఇప్పటికీ ఈ వీధిలోంచే వెళుతుంది, మాట్లాడదు. ఏడాది మొత్తంలో ఆ గడిలో రాసింది ఈ ఒక్కటే. మిషన్లు పోయిన రోజున పడుకున్నాను గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రాజపూజ్యం కూడా ఆ నెల్లోనే. ఎప్పుడో నా దగ్గర పని నేర్చుకుని గన్నవరం వైపు షాపు పెట్టుకున్న అమ్మాయి ఆటోలో ఒక మిషన్ వేసుకుని వచ్చేసింది. "మాస్టారూ, నా దగ్గర ఖాళీగా ఉంది, మీవి బాగయ్యేదాకా తొక్కండి" అంది. కాజాలు వంకరగా వేస్తుందని ఒకప్పుడు ఎన్ని తిట్లు తిట్టానో! సంక్రాంతికి ఆ మిషన్ తిరిగి పంపించేశాను, కాబట్టి అది ఆదాయం కాదు. ఆదాయం గళ్ళో రాయడానికి గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు ఉన్నాయి, పెళ్ళిళ్ళ సీజన్ కూలీ ఉంది. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు. షష్టిపూర్తి ఏ గళ్ళో వేయాలో నాకు తెలియలేదు. ఖర్చు మీ నాన్నది, దండ నా మెడలో పడింది.

బుజ్జీ, ఇప్పుడు నీ ముక్క. డిసెంబర్‌లో వీకెండ్ టెస్ట్‌లో మార్కులు తగ్గాయని నిన్ను కింద సెక్షన్‌కి మార్చారు కదా. అప్పట్నుంచి "ఈ ఏడాది మొత్తం వేస్ట్ తాతయ్యా" అంటున్నావు. మార్కులు తగ్గడం వ్యయం. చదివితే వస్తాయి, చదవకపోతే పోతాయి, ఆ లెక్క నీ చేతిలో ఉంది. క్లాసులో అందరి ముందు పేరు చదివి, సంచీ తీసుకుని లేచి వెళ్ళమనడం అవమానం. అది వాళ్ళు చేసిన పని, నువ్వు చేసింది కాదు. ఈ రెండింటినీ ఒకే గళ్ళో వేసుకుని మోస్తున్నావు నువ్వు, అందుకే ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే చాలు టెన్షన్ అంటున్నావు. ఏప్రిల్‌లో రిజల్ట్స్ వస్తాయి. ఎన్ని వచ్చినా అవి డబ్బు వైపు గళ్ళోనే పడతాయి, గుర్తుపెట్టుకో.

చంటీ, నీకు చెస్ అంటే ఇష్టం కాబట్టి గుకేశ్ లెక్క చూడు. సింగపూర్‌లో డింగ్ లిరెన్‌తో మొదటి గేమే ఓడిపోయాడు, 3వది గెలిచాడు. 11వ గేమ్ గెలిచి, వెంటనే 12వది ఓడాడు. 14వది గెలిచి డిసెంబర్ 12న 18 ఏళ్ళకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మొత్తం 7.5, 6.5. ఓడిన గేములు స్కోరు కాగితంలో అలాగే ఉన్నాయి, ఎవరూ కొట్టేయలేదు. నువ్వు మాత్రం ఓడిపోయే గేమ్ సగంలో బోర్డు తిరగేస్తున్నావని మీ అమ్మ చెప్పింది.

రేపు పచ్చడిలో బెల్లం ముక్కలు ఏరుకుని తినకండి, వేపపువ్వు కూడా మింగండి. ఇద్దరూ మీ నాలుగు గళ్ళు రాసి ఫోటో తీసి పంపండి, దిద్దను, చదువుతానంతే. చంటి యూనిఫాం కొలతలు కూడా అమ్మచేత తీయించి పంపండి. ప్యాంటు కింద రెండంగుళాలు మడత వదులుతాను, వీడు పెరిగే స్పీడ్ చూస్తే అదీ దసరా దాకా చాలేట్టు లేదు.

ఇట్లు,
మీ తాతయ్య