డిమెన్షియా ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకునేవారికి ప్రభుత్వ సాయం: అపోహలు - వాస్తవాలు

డిమెన్షియా అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు. అలాంటివాళ్లను చూసే మెమరీ క్లినిక్‌లో నేను సోషల్ వర్కర్‌ని. వచ్చినవాళ్లు ముందు మందుల గురించే అడుగుతారు. రెండో మూడో విజిట్‌కి గానీ అసలు మాట బయటికి రాదు: "మేడమ్, అత్తయ్యను చూసుకోవడానికి ఉద్యోగం మానేశాను. గవర్నమెంటు ఏమైనా ఇస్తుందా?" అలా అడిగినప్పుడు నేను ఎక్కువగా వినే అపోహలు ఇవి.

అపోహ: చూసుకునేవాళ్లకు డబ్బివ్వడం మన దేశంలో ఎక్కడా లేదు.

ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం కోసం ప్రభుత్వాలు స్తోమత మేరకు పథకాలు పెట్టాలని రాసి ఉంది. కేరళలో 'ఆశ్వాసకిరణం' కింద, మంచాన పడ్డవాళ్లను చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు మంజూరు చేస్తారు. డైపర్లకు కూడా చాలని డబ్బే. అయినా ఆ ఇంట్లో మనిషి చేస్తున్నది పనేనని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది కదా, అది నాకు పెద్ద విషయం. మన దగ్గర ఆ పేరుతో నేను ఇంతవరకు ఒక్క కుటుంబానికీ ఇప్పించలేకపోయాను. ఇక్కడ మనకున్న దారి, జబ్బు ఉన్న మనిషి పేరున వచ్చే సాయమే.

అపోహ: మతిమరుపు వయసుతో వచ్చేదే, దానికి దివ్యాంగుల పింఛను ఎందుకిస్తారు?

2023లో వచ్చిన జాతీయ స్థాయి అధ్యయనం లెక్కన, 60 దాటినవారిలో డిమెన్షియా ఉన్నది 7.4 శాతం మందికి. వయసుతో వచ్చేదే అయితే మిగతా 92 మందికి ఎందుకు రాలేదు? ఇది జబ్బు. వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ పరీక్ష సదరం. అందులో దీన్ని మానసిక అనారోగ్యం కింద చూస్తారు. 40 శాతం, ఆపైన వస్తే దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. ఆంధ్రాలో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000. తెలంగాణ ఆసరాలో 2,016, 4,016. ఒకే మనిషికి రెండూ రావు, కేటగిరీ మార్పించుకోవాలి.

అపోహ: సదరంలో ఇచ్చేది పిచ్చివాళ్ల సర్టిఫికెట్. తీసుకుంటే ఆస్తి సంతకాలు చెల్లవు.

ఈ భయంతో గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లను చూశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగానే చెబుతోంది: జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతి స్థిమితం లేనివారని అర్థం కాదు, అది కోర్టు తేల్చాల్సిన సంగతి.

అపోహ: డాక్టరు గారు చూడగానే ఆయనకే తెలిసిపోతుంది, మనం చెప్పేదేముంది?

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. రిటైరైన లెక్కల మాస్టారొకరిని కోడలు సదరం పరీక్షకు తీసుకొచ్చింది. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. పేరడిగితే చెప్పారు. ఎక్కడ పనిచేశారంటే ఊరితో సహా చెప్పారు. పదమూడో ఎక్కం గడగడా అప్పజెప్పారు. "ఇంట్లో ఎలా ఉంటారమ్మా?" అని డాక్టరు అడిగితే, మామగారి ఎదురుగా నోరు రాక ఆ అమ్మాయి "పర్లేదండీ" అంది. 40 శాతం రాలేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. రాత్రి రెండింటికి లేచి స్కూలుకు టైమైందని గేటు తాళం లాగుతారట. స్నానానికి ఒప్పించేసరికి గంట పడుతుందట. చొక్కా మీద బనీను తొడుక్కుంటారట. ఇందులో ఒక్క ముక్కయినా లోపల చెప్పలేదు.

అక్కడ చూసేవి నాలుగు: తన పని తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, ఉద్యోగమో ఇంటిపనో చేయగలగడం. జబ్బు మొదలై ఎన్నేళ్లయిందన్నది కూడా కలుపుతారు. అందుకే పాత చీటీలు పారేయొద్దు, మొట్టమొదటి ప్రిస్క్రిప్షన్ తేదీకి విలువుంది. వెళ్లేముందు పది రోజులు ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఎన్నిసార్లు లేచారు, ఎవరిని గుర్తుపట్టలేదు, ముద్ద ఎవరు కలిపి పెట్టారు. ఆయన ముందు చెప్పలేకపోతే ఆ పుస్తకం డాక్టరు చేతికివ్వండి. అది ఆయన్ని అవమానించడం కాదు.

అపోహ: మంచాన పడితే ఆంధ్రాలో నెలకు 15,000 పింఛను వస్తుంది.

అది పక్షవాతంతో మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి, ప్రమాద బాధితులకు. డిమెన్షియా పేరున ఆ కేటగిరీ లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అపోహ: 70 దాటితే ఆయుష్మాన్ కార్డే అన్నీ చూసుకుంటుంది.

ఆస్పత్రిలో చేరితే ఏటా 5 లక్షల దాకా. ఇంట్లో పెట్టుకున్న ఆయా జీతం దానిలోంచి రాదు.

అపోహ: ఉద్యోగస్తులం, మాకేమీ వర్తించదు.

పాత పన్ను విధానంలో ఉంటే వర్తిస్తుంది. 80డీడీ అని పిలుస్తూ వచ్చిన మినహాయింపులో, మీ మీద ఆధారపడ్డవారికి 40 శాతం వైకల్యం ఉంటే 75,000, 80 శాతం, ఆపైన అయితే 1,25,000 పన్ను వేసే మీ ఆదాయంలోంచి తగ్గుతుంది. వైద్య ఖర్చులకు 80డీడీబీ అని పిలుస్తూ వచ్చినది వేరే ఉంది. దాని జబ్బుల జాబితాలో డిమెన్షియా పేరు పెట్టి మరీ ఉంది, సీనియర్ సిటిజన్లకైతే లక్ష దాకా. న్యూరాలజిస్టు చీటీ కావాలి. ఈ రెండింట్లోనూ తల్లిదండ్రులు ఉన్నారు, అత్తమామలు లేరు. మలమూత్రాలు ఎత్తేది కోడలే అయినా, ఆమె రిటర్నులో ఇది కుదరదు. కొడుకో కూతురో వేసుకోవాలి.

అపోహ: ఇంకా ముదిరాక సర్టిఫికెట్ చూసుకోవచ్చు.

ముదిరాక ఆయన ఆటో ఎక్కరు, క్యూలో కూర్చోరు. నడవగలిగినప్పుడే సదరం పరీక్షకు స్లాట్ తీసుకోండి. ఆంధ్రాలో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో లేదా దివ్యాంగుల గుర్తింపు కార్డు ఇచ్చే యూడీఐడీ పోర్టల్‌లో. ఆధార్, పాత చీటీలు, నోట్‌బుక్‌తో పాటు ఆయనకు ఇష్టమైన తినేదేదైనా సంచిలో పెట్టుకోండి. అక్కడ చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది.